చిన్న ప్రకటనలు – పెద్ద బేరములు

వార్తాపత్రిక యింటికి రాగానే పురుషులు మొదటి పుటను, పిల్లలు ఆటల పుటను లాగికొందురు. గృహిణి చేతికది వచ్చునప్పటికి మధ్యాహ్నమగును. అప్పటికి నలుగకుండ మిగిలియుండునది చిన్న ప్రకటనల పుట. దీనిని వర్గీకృత ప్రకటనలని కొందఱును, క్లాసిఫైడ్సని పెక్కుమందియు పిలుచుచున్నారు. చీమల బారువలె నుండు నా సన్నని యక్షరములలో "అద్దెకు ఇవ్వబడును", "అమ్మబడును", "కావలెను" అను మూడు మాటలే నూఱు విధములుగా మాఱి మాఱి కనబడుచుండును. నేనీ పుటను చాలకాలముగా విడువక చదువుచున్నాను. మొదటి పుటలోని సంగతులు మన యిష్టానిష్టములతో పనిలేకయే జరిగిపోవును. ఈ పుటలోని సంగతులో, మన బియ్యపు డబ్బాకును, బిడ్డల చదువునకును సంబంధించినవి.

మా చోడవరము కళాశాలల నగరమని చెప్పదగినది కాదు. చెఱకు తోటల నడుమనున్న యూరు. స్వయంభూ విఘ్నేశ్వరుని యాలయము వలనను, చెంతనున్న గోవాడ చక్కెర కర్మాగారము వలనను నలుగురికి తెలిసినది. చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4వ తేదీన అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా మాఱినను మా పిల్లల త్రోవ మాఱలేదు. పై చదువనగా విశాఖయే. సబ్బవరము, పెందుర్తి మీదుగా బస్సులో పోవలెను. త్రోవలో సబ్బవరమునందే 2008లో నెలకొల్పబడిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ మున్నది. ప్రతి సంవత్సరమును జూను మొదలు సెప్టెంబరు వఱకు మా వీధిలో తల్లులు కలిసికొన్నప్పుడు రెండే ప్రశ్నలు వినబడును. సీటు వచ్చినదా? గది దొరకినదా? మొదటి దానికి బదులు చెప్పుట తేలిక. రెండవదానికి బదులు చెప్పలేక తల్లులు నిట్టూర్చుటయు, తండ్రులు పత్రిక తిరుగవేయుటయు జరుగుచుండును.

విశాఖలో విద్యార్థులకు గదుల కఱవు నేటిది కాదు. 1860లో పాఠశాలగా మొదలైన ఏ.వి.ఎన్. కళాశాలయు, 1923లో వెలసిన వైద్య కళాశాలయు ముందే యుండగా, 1926లో బెజవాడలో నేర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలివచ్చినది. నాడు ఇసుక దిబ్బలు, జీడిమామిడి తుప్పలు నుండిన చోట నేడు పెదవాల్తేరు, చినవాల్తేరు, మద్దిలపాలెము, శివాజీపాలెము మొదలగు పేటలలో గడపగడపకును అద్దె బల్ల వ్రేలాడుచుండును. కళాశాల యున్న చోట నేల తన పంటను మార్చుకొనును. వరి పండించినవాడు గదులు పండించును. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారు విశాఖపై బాంబులు వేసినప్పుడు జనులు మూటముల్లెలతో పల్లెలకు పరుగెత్తిరి. విశ్వకళాపరిషత్తును కొంతకాలము గుంటూరునకు మార్చిరి. మా పెద్దలు నేటికిని "బాంబుల యేడు" అని లెక్క చెప్పుదురు. అద్దెకొఱకు మనుష్యులను వెదకుకొన్న యేడు విశాఖకు బహుశః అదియొక్కటియే యై యుండును.

ఇక ప్రకటనల మాట. మన దేశమున మొదటి వార్తాపత్రికగా పేర్కొనబడు హికీ దొరగారి బెంగాలు గెజిటు 1780 జనవరి 29వ తేదీన కలకత్తాలో వెలువడినది. దాని పేరులోనే "కలకత్తా సర్వజన ప్రకటనల పత్రిక" యను నర్థమిచ్చు రెండవ పేరుకూడ చేరియున్నది. కాబట్టి మన దేశమున వార్తయు ప్రకటనయు కవలపిల్లలు. మదరాసు హిందూ పత్రిక 1958 వఱకును, లండను టైమ్సు పత్రిక 1966 వఱకును మొదటి పుటను ప్రకటనలకే విడిచియుంచినవి. కొనువారికి, అమ్మువారికి ముందు పీట వేసి, రాజులకు, మంత్రులకు లోపలి పుటలలో పీట వేసిరన్నమాట! ఆ పద్ధతియే నాకు న్యాయముగా తోచుచున్నది.

మన తెలుగున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మదరాసునుండి దినపత్రికగా నడపిరి. వారు 1893లోనే అమృతాంజనమును బయలుదేరదీసిన వర్తకులు గనుక ప్రకటనయొక్క బలము నెఱిగినవారే. కాని మదరాసులో నచ్చయి రైలెక్కి వచ్చు పత్రికలో పెదవాల్తేరు గదిని గూర్చి ప్రకటన వేసినచో నెవరు చూతురు? చూచిన వారిలో చోడవరమువా రెందఱు? చిన్న ప్రకటనకు ప్రాణము దగ్గఱితనము. 1974 ఆగస్టు 10వ తేదీన ఈనాడు విశాఖపట్టణముననే పుట్టి, ఇచ్చటనే అచ్చయి తెల్లవాఱకముందే యిండ్లకు చేరుట మొదలైనపిమ్మట గాని ఈ ప్రాంతపు చిన్న ప్రకటనకు నిజమైన బలము రాలేదు. 1989లో జిల్లా అనుబంధములు వచ్చినవి. రాష్ట్రమంతటికి కాక ఒక్క జిల్లాకు మాత్రమే ప్రకటన వేయవచ్చుననగా ఖర్చు తగ్గినది. కుట్టుపని చేసికొను స్త్రీ కూడ నాలుగు పంక్తులు వేయించుకొనగలిగినది.

ఇచ్చట నొక సంగతి చెప్పక ముందునకు పోజాలను. ఇంగ్లండులో వస్తువుల క్రయవిక్రయముల కొఱకే వెలసిన "ఎక్స్చేంజి అండ్ మార్ట్" అను పత్రిక 1868లో పుట్టినది. దానికి మూలము "క్వీన్" అను స్త్రీల పత్రికలో పాఠకురాండ్రు తమ వస్తువులను మార్చుకొనుటకు నడచుచుండిన యొక శీర్షిక. చేతి లేసు నొకతె యిచ్చుటయు, పుస్తకము నొకతె పుచ్చుకొనుటయు, ఇట్లు స్త్రీలు చేసికొన్న మార్పిడులు పురుషులు కనిపెట్టి వర్తకముగా మార్చిరి. కనుక ఇది మనకు తెలియని విద్యయని యెవరును వెనుదీయ నక్కఱలేదు.

ఇప్పుడు కాగితపు పుట పలుచబడినది. 1995లో అమెరికాలో క్రెయిగ్స్‌లిస్టు, 2006లో ఓఎల్ఎక్స్, 2008లో క్వికర్ మొదలైనవి బయలుదేరి చిన్న ప్రకటనను సెల్‌ఫోనులోనికి తెచ్చినవి. వాట్సాప్ బృందములు సరేసరి. ఖర్చు లేదు, బొమ్మ కూడ పెట్టవచ్చును, క్షణములో వేలమందికి చేరును. కాని పత్రిక కార్యాలయమునకు పోయి సంతకము చేసి రూకలు చెల్లించి ప్రకటన వేయించినవాని జాడ ఎచ్చటనో యొకచోట నుండెడిది. ఫోనులో ప్రకటన వేసినవాని జాడ గాలిలో నుండును. చౌకయైన కొలది జాగ్రత్త ఖరీదగుచున్నది.

మా నాయనగారు నా చిన్నతనమున ధర్మశాస్త్ర భాగములు చెప్పునప్పుడు అష్టాదశ వ్యవహారపదములను వరుసగా వల్లెవేయించెడివారు. అప్పు, నిక్షేపము, అస్వామివిక్రయము, క్రయవిక్రయానుశయము – ఇట్లు మనుష్యులు తగవులాడుకొను పదునెనిమిది త్రోవలు. అస్వామివిక్రయమనగా తనది కాని వస్తువును అమ్ముట. ఈ విషయమున యాజ్ఞవల్క్యులవారు కొనువానికే యొక హెచ్చరిక చేసియున్నారు. ఆ వస్తువుండదగిన స్థితి లేనివానియొద్ద, చాటుగా, మిక్కిలి తక్కువ వెలకు, వేళగాని వేళ కొన్నవాడును దొంగగానే యెంచబడునట. దీనిపై విజ్ఞానేశ్వరుల మితాక్షర యున్నది. పదుమూడవ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెను. అంతటి పెద్దలు చెప్పిన నాలుగు గుఱుతులు నేటి సెల్‌ఫోను బేరములకు సరిగా సరిపోవుట చూచి నేనెన్నియో మాఱులు ఆశ్చర్యపడితిని. అమ్మువాడెవడు? నలుగురిలో చూపుచున్నాడా, చాటున చూపుచున్నాడా? వెల యెందుకింత తక్కువ? ఇప్పుడే, ఈ రాత్రికే యని తొందరపెట్టుట యెందుకు? ఈ నాలుగు ప్రశ్నలకు తృప్తికరమైన బదులు రానిచోట రూపాయి కదపరాదు.

మా వీధిలోని యొక రైతు కుటుంబమున నిట్లే జరిగినది. పెద్దమ్మాయికి విశాఖలో ఎమ్మెస్సీ సీటు వచ్చినది. ఆ యింట పట్టపు చదువు దాటిన మొదటి యాడుపిల్ల. విశ్వవిద్యాలయమునకు నడకదూరములో రెండు గదుల యిల్లు, చలువరాతి నేల, మంచము బీరువా సహితముగా నెలకు మూడువేల యైదువందలని ఫోనులో ప్రకటన కనబడినది. ఆ పేటలో నట్టి యిల్లు దానికి మూడింతలకు గాని రాదు. తాను సైనికోద్యోగినని, కాశ్మీరమునకు బదిలీయైనదని, మంచి కుటుంబపు పిల్లయైన చాలునని ఆ మనుష్యుడు ఫోనులో మర్యాదగా మాటలాడెను. గుర్తింపు కార్డు బొమ్మ కూడ పంపెను. ఇల్లు చూతమన్నచో, తాళము తనవారి యొద్ద నున్నదనియు, ఇంకను నలుగురు అడుగుచున్నారనియు, రాత్రికి రెండు నెలల అడ్వాన్సు పంపినవారికే యిత్తుననియు చెప్పెను. చెఱకు డబ్బులలో కళాశాల రుసుమునకై దాచినది ఏడువేలు పోయినది. మఱునాడు తండ్రికూతుళ్లు ఆ చిరునామాకు పోగా నచ్చట నున్నది మందుల దుకాణము.

పోయిన డబ్బుకంటె దుఃఖకరమైనది పిమ్మట జరిగినది. "గది దొరకనప్పుడు చదువెందుకు? అదృష్టము లేదనుకొందము" అని బంధువులనిరి. పిల్ల తల్లి మాత్రము ఊరుకొనలేదు. ఆమె చదివినది అయిదవ తరగతియే. మఱుసటి సోమవారము తెల్లవాఱుజామున కూఁతురిని వెంటబెట్టుకొని బస్సెక్కి, పెదవాల్తేరు సందులలో తలయెత్తి బల్లలు చదువుకొనుచు మధ్యాహ్నము రెండు గంటల వఱకు నడచినది. చదువుట కూఁతురు, ఇంటామెతో మాటలాడుట తల్లి. పదునొకండవ యింట మేడమీది గది, మఱియొక విద్యార్థినితో పంచుకొనుటకు కుదిరినది. ఆ పిల్ల చదువు సాగుచున్నది. ఏడువేలు మాత్రము తిరిగి రాలేదు. ఇట్టివి జరిగిన గంటలోపలనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, దొంగ ఖాతాలో నింకను నిలిచియున్న సొమ్మును బ్యాంకులచేత ఆపించు నేర్పాటున్నది. వీరు అవమానమని యెంచి మూడు దినములు ఎవరికిని చెప్పలేదు. ఆ మూడు దినములే దొంగకు లాభము.

అమ్మువారికి తగులు మోసము వేఱు విధముగా నుండును. మీరు పాత మంచమునకు ప్రకటన వేయుదురు. వేసిన పది నిమిషములలో ఒకడు ఫోను చేయును. మంచము చూడనక్కఱలేదనును, బేరమాడడు. తెలుగింట బేరమాడని కొనుగోలుదారుడు కనబడినచో నచ్చటనే అనుమానింపవలెను. డబ్బు పంపుచున్నాను, ఈ క్యూఆర్ కోడును మీ ఫోనుతో చూపి, మీ పిన్ కొట్టుడు, సొమ్ము మీకు జమయగు ననును. కొట్టగనే మీ సొమ్ము వానికి పోవును. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో పిన్ కొట్టుట సొమ్ము పంపుటకే గాని పుచ్చుకొనుటకు కాదు. ఈ యొక్క మాట వంటింటి గోడమీద వ్రాసికొన్నను తప్పులేదు. సొమ్ము వచ్చునప్పుడు మనము చేయవలసిన పని యేదియు లేదు.

కొన్న వస్తువు నచ్చనిచో తిరిగి యిచ్చు విషయమునకు అనుశయమని పేరు. మనుస్మృతి పది దినముల గడువిచ్చినది. కౌటిల్యుడు వర్తకులకు ఒక రాత్రి, కర్షకులకు మూడు రాత్రులు, గోరక్షకులకు అయిదు రాత్రులు అని వృత్తినిబట్టి పంచిపెట్టెను. నేటి చట్టములో నింతటి దయ లేదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము వస్తువు బాగోగులు చూచుకొనవలసినది సామాన్యముగా కొనువాడే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వర్తకులకు వర్తించునే గాని, తన పాత ఫ్రిజ్జును ఒక్కమాఱు అమ్ముకొను గృహస్థునికి వర్తింపదు. కాబట్టి ఫ్రిజ్జయినచో అరగంట నడిపించి లోపల చేయిపెట్టి చూడవలెను. కుట్టుమిషనయినచో మనము తీసికొనిపోయిన గుడ్డముక్కపై దళసరి మడత, పలుచని మడత రెండును కుట్టి చూడవలెను. సెల్‌ఫోనయినచో నక్షత్రము, చతురస్రపు గుఱుతు, సున్న, ఆఱు, చతురస్రపు గుఱుతు వరుసగా నొక్కిన పదునైదంకెల సంఖ్య కనబడును. కేవైఎం అని యింగ్లీషు అక్షరములలో కొట్టి, ప్రక్కన ఆ సంఖ్య చేర్చి, 14422కు సందేశము పంపినచో అది దొంగిలింపబడినదిగా నమోదైనదో కాదో తెలియును. దొంగ ఫోను కొన్నవాని యింటికి పోలీసులు వచ్చుట మా యూరిలో జరిగినదే.

అద్దె కాగితమును గూర్చి స్త్రీలు తెలిసికొనుట అవసరము. ఏలయన సంతకము మగవారు చేసినను, ఇంటిలో దినమంతయు నుండి గోడలతోను, కొళాయిలతోను, ఇంటి యజమానురాలితోను వేగవలసినది మనమే. కాగితముమీద పదునొకండు నెలలని యెందుకు వ్రాయుదురని నన్ను చాలమంది అడిగియున్నారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఒక సంవత్సరమునకు మించిన కౌలుపత్రమును రిజిస్టరు చేయించితీరవలెను. ఆ ఖర్చును, తిరుగుడును తప్పించుకొనుటకే యీ పదునొకండు నెలల లెక్క. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము నెలవారీ కౌలునకు, వేఱు ఒడంబడిక లేనిచో, పదునైదు దినముల నోటీసు కావలెనని చెప్పుచున్నది. రాత్రికి రాత్రి సామాను వీధిలో పెట్టింతుననుట ఎవరికిని చెల్లదు. అడ్వాన్సు విషయమున కేంద్ర ప్రభుత్వము 2021 జూను 2వ తేదీన ఆమోదించిన ఆదర్శ కౌలుదారీ చట్టము నివాసగృహములకు రెండు నెలల అద్దెకు మించరాదనుచున్నది. అది రాష్ట్రములు తమ తమ చట్టములుగా చేసికొనవలసిన మచ్చు మాత్రమే గాని స్వయముగా అమలులోనికి రాదు. ఐనను బేరమాడునప్పుడు చెప్పుకొనుట కొక మంచి మాట.

చేరిన దినమున గోడల మరకలను, పగిలిన అద్దములను, కరెంటు మీటరు అంకెలను ఫోనుతో బొమ్మ తీసి యజమానికి పంపుట నేటి గృహిణి చేయవలసిన మొదటి పని. పాలు పొంగించుట రెండవది. ఇట్లు చెప్పినందుకు పెద్దలు క్షమింతురు గాక. విడిచిపోవునప్పుడు "మేకులు కొట్టితిరి, సున్నము పోయినది" అని సగము అడ్వాన్సు మినహాయించుకొను వారికి ఆ బొమ్మలే బదులు చెప్పును. అద్దె ఎప్పటికప్పుడు బ్యాంకు ద్వారా పంపినచో రసీదు కొఱకు వేడుకొన నక్కఱలేదు.

ఇక ఈ పుటలో నన్ను మిక్కిలి బాధించు పంక్తి యొకటి కలదు. "శాకాహారులకు మాత్రమే" అని వ్రాయుదురు. చేపల వాసన సరిపడని యింటివారు ఆ మాట వ్రాసికొనుట నేనెఱుగుదును, వారిని తప్పుపట్టను. కాని ఆ మాట చాటున కులము నడుగువారే యెక్కువమంది. కొందఱు ఆ చాటు కూడ లేక నేరుగా కులము పేరే వ్రాయుదురు. భోజనమున మాంసమే ముట్టని యొక ఉపాధ్యాయుని, ఇంటిపేరు అడిగి, "మా తమ్ముడు వచ్చునట, గది యీయము" అని పంపివేసిన సంగతి మా వారి సహోద్యోగులలోనే జరిగినది. రాజ్యాంగపు 15వ అధికరణము దుకాణములలో, హోటళ్లలో, బావులయొద్ద, స్నానఘట్టములయొద్ద ఇట్టి భేదములు కూడవని పేర్కొన్నది. అద్దె గదిపేరు అందులో లేదు. బావిలో నీళ్లు తోడుకొనవచ్చును గాని వాటిని కాచుకొనుటకు గది దొరకదు!

"కుటుంబములకు మాత్రమే" అను పంక్తి సంగతియు నిట్టిదే. భర్తను పోగొట్టుకొని, అత్తగారిని, ఇద్దఱు బిడ్డలను పోషించుకొనుచు ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్న యొకామెకు విశాఖలో ఏడు యిండ్లవారు ఆ మాటయే చెప్పిరి. నలుగురు మనుష్యులు కుటుంబము కారా? "మీ వారెక్కడ?" అను ప్రశ్నకు ఆమె బదులు చెప్పగనే తలుపులు మూసికొనెడివట. రాత్రి విధులకు పోయివచ్చు స్త్రీని గూర్చి యింటి యజమానులకంటె యజమానురాండ్రే యెక్కువ సందేహములు పడుట మన స్త్రీజాతికి గౌరవము కాదు. సోదరీమణులారా, మన యింటి మేడమీద గది ఖాళీయైనప్పుడు అద్దె యెంతయని నిర్ణయించునది పురుషులైనను, ఎవరికిచ్చుట యని నిర్ణయించునది తఱచు మనమే కదా. ఎనిమిదవ యింట ఆమెకు చోటిచ్చినది డెబ్బది యేండ్ల యొంటరి ముసలమ్మ. నాలుగేండ్లు గడచినవి. ఆ ముసలమ్మకు రక్తపుపోటు చూచునది ఇప్పుడామెయే.

అమ్మకపు ప్రకటన వ్రాయుటయు నొక రచనయే. మాటకింత, పంక్తికింతయని వెల కట్టుచోట ప్రతి మాటయు పని చేయవలెను. మా యూరిలో కుట్టుపని చేయునామె మోకాళ్ల నొప్పిచేత కాలిమిషను అమ్మి మోటారు మిషను కొనదలచి మొదట వేయించిన ప్రకటన యిది: "కుట్టుమిషను అమ్మబడును. మంచి కండిషను. వెంటనే సంప్రదింపుడు." పదునైదు ఫోనులు వచ్చినవి, ఒక్కరును రాలేదు. రెండవమాఱు నన్ను వ్రాయుమనగా నిట్లు వ్రాసితిని: "ఉషా కుట్టుమిషను, కాలితో త్రొక్కునది, 2016లో కొన్నది, బల్ల సహా. బెల్టు క్రొత్తది. మోటారు లేదు. 4,500 రూపాయలు. చోడవరము. సాయంత్రము 4–6 గంటలలో చూడవచ్చును." నాలుగు ఫోనులే వచ్చినవి. వచ్చిన నలుగురిలో ఇద్దఱు చూడవచ్చిరి. మాడుగుల వైపునుండి వచ్చిన పిల్ల నాలుగువేల రెండువందలకు కొనిపోయినది. "మోటారు లేదు" అను మాట వ్రాయవద్దని ఆమె భర్త వాదించెను. లోపమును ముందే చెప్పినచో అనవసరమైన పదునొకండు ఫోనులు తప్పునని ఆయన కప్పుడు తోచలేదు.

స్త్రీ పేరును, ఫోను సంఖ్యయు కలిపి అచ్చువేయుట మాత్రము వద్దు. వస్తువు నడుగుటకు పగలు ఫోను చేసినవాడే రాత్రి పది గంటలకు కుశలమడుగుటకు ఫోను చేయును. ఇది చాలమంది చెప్పుకొనలేని బాధ. ప్రకటనకొఱకు ఇంటిలో వేఱొక సంఖ్య నుంచుకొనుట మేలు. చూడవచ్చువారిని పగటివేళ, ఇంటిలో ఇద్దఱున్నప్పుడే రమ్మనవలెను. చిన్న వస్తువయినచో కోవెల మండపమునకో బ్యాంకు వాకిటికో మనమే తీసికొనిపోయి చూపవచ్చును. హద్దుమీఱినవానిని గూర్చి 181 స్త్రీల సహాయ సంఖ్యకు చెప్పుటకు సిగ్గుపడరాదు.

స్కూటరు అమ్మిన గృహములవారికొక ముఖ్యమైన మాట. తాళము, ఆర్సీ చేతబెట్టి సొమ్ము తీసికొన్నంతమాత్రమున బేరము ముగియదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అదే రాష్ట్రములోనైనచో అమ్మినవారు పదునాలుగు దినములలో, కొన్నవారు ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. 29, 30 సంఖ్యల ఫారము లందుకే. పేరు మార్పించకున్నచో కొన్నవాడెవనినైన గ్రుద్దినప్పుడు నష్టపరిహారపు భారము పుస్తకములో పేరున్న పాత యజమానిపైననే పడునని సుప్రీముకోర్టు 2018లో స్పష్టముగా తీర్పు చెప్పినది. కుమారుని స్కూటరును వాని మిత్రునికి నోటిమాటతో నిచ్చివేసిన తల్లులు దీనిని గుఱుతుంచుకొనవలెను.

ఇంటిస్థలముల ప్రకటనలు వేఱొక మహాసముద్రము. వాటికి మఱియొక వ్యాసము కావలెను. మా చుట్టుప్రక్కల చెఱకు నఱికిన మడిలోనే తెల్లరాళ్లు నాటి ప్లాట్లనుచున్నారు. 2016 నాటి రెరా చట్టము ప్రకారము అయిదువందల చదరపు మీటర్లు మించిన లేఔటును నమోదు చేయింపక ప్రకటన వేయుటయే నేరము. ప్రకటనలో నమోదు సంఖ్య యుండితీరవలెను. ప్రకటనలోని యబద్ధమును నమ్మి సొమ్ము కట్టి నష్టపడినవారికి పరిహారము కోరు హక్కున్నది. ఆ సంఖ్య లేని రంగుల కాగితము ఎంత నునుపుగా నున్నను వంటింటి డబ్బాల అడుగున పఱచుకొనుటకు పనికివచ్చును.

కొనదలచినవారికి మంచి కాలము ఏప్రిలు నెలాఖరు. పరీక్షలు ముగిసి విద్యార్థులు గదులు ఖాళీచేయు దినములవి. మంచములు, బల్లలు, గ్యాసు పొయ్యిలు, బకెట్లు, ప్రెషరు కుక్కర్లు, ఒక్క సంవత్సరము వాడిన పాఠ్యపుస్తకములు సగము ధరకును, ఒక్కొక్కప్పుడు పావు ధరకును వచ్చును. జూనులో అవే వస్తువులకు క్రొత్త ధర పలుకును. పుస్తకములు కొనునప్పుడు పాఠ్యప్రణాళిక మాఱినదేమో పిల్లలచేత ముందుగా కనుగొనవలెను. మంచము కొనునప్పుడు మూలలలో నల్లులున్నవేమో చూచుకొనవలెను. విద్యార్థుల మంచములలో నవి తప్పక యుండును. విశాఖనుండి చోడవరమునకు సామాను తెచ్చుటకు ఒంటరిగా ట్రాలీ ఆటో మాటలాడినచో మంచము వెలకంటె దాని కిరాయి మించును. పోయిన వేసవిలో మా వీధివారు మూడు కుటుంబములవారు కలసి యొక ట్రాలీ మాటలాడి, రెండు మంచములు, ఒక బీరువా, మూడు పెట్టెల పుస్తకములు తెచ్చుకొనిరి. ఈ సంవత్సరము నాలుగవ కుటుంబము తామును కలియుదుమని యిప్పటినుండియే యడుగుచున్నది.